పెద్దావిడకు చెప్పకూడని సలహాలు

“ఈ వయసులో నీకెందుకమ్మా ఆ రొమ్ము పరీక్షలు?” ప్రేమతోనే అంటారు, కానీ తప్పు సలహా. వయసు పైబడేకొద్దీ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ముట్లుడిగాక ఇక భయం లేదనుకోవడం వట్టి భ్రమ.

“నొప్పి లేదుగా, ఊరుకో” అనేది ఇంకా ప్రమాదం. క్యాన్సర్ గడ్డ చాలామందిలో మొదట్లో నొప్పి పుట్టించదు. స్నానం చేసేటప్పుడు చేతికి తగిలే గట్టి గడ్డ, కొత్తగా లోపలికి లాక్కుపోయిన చనుమొన, నారింజ తొక్కలా గుంటలు పడిన చర్మం, రవికె మీద రక్తపు మరక... వీటిలో ఏది కనిపించినా పరీక్షల క్యాంపు కోసం ఆగకండి. నేరుగా డాక్టరుకు చూపించండి.

“మామోగ్రామ్ మిషను లేనిచోట చూపించుకుని ఏం లాభం?” అని చదువుకున్నవాళ్లే అంటుంటారు. ముంబైలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి, 35–64 ఏళ్ల మధ్యనున్న సుమారు లక్షన్నర మంది బస్తీ మహిళల మీద అధ్యయనం చేశారు. వారిలో సగం మందికి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తోనే రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో తగ్గలేదు. అంటే మేలు జరిగింది పెద్దవాళ్లకే!

మరి 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఈ పరీక్షను 30 నుంచి 65 ఏళ్ల వారికే, అదీ అయిదేళ్లకోసారి అన్నాయి. “65 దాటితే లిస్టులో లేరు” అని ఆరోగ్యంగా తిరిగే అరవై ఎనిమిదేళ్ల మనిషిని వెనక్కి పంపడం నాకు అన్యాయంగానే తోస్తుంది. బ్రిటన్‌లో 71 నిండాక మామోగ్రామ్‌కు పిలుపు ఉత్తరం ఆగిపోతుంది గానీ, కావాలని అడిగితే పరీక్ష చేస్తారు. ఆ అడిగే హక్కయినా ఇక్కడ ఉండాలి.

అలాగని మంచం పట్టిన ఎనభై అయిదేళ్ల ఆవిడను పరీక్షకు లాక్కెళ్లమనడమూ తప్పే. ఆమెకు ఎన్నటికీ హాని చేయని క్యాన్సర్ బయటపడి, తట్టుకోలేని ఆపరేషను నెత్తిన పడొచ్చు. కొడుకునో అల్లుణ్నో కాదు, ముందు ఆమెను అడగండి.

ఆవిడ సిగ్గుపడి ఆగిపోతుంటే మీరు తోడు వెళ్లండి. పరీక్ష ఆడమనిషే చేయాలని, తెర కట్టాలని ఏఎన్ఎంతో ముందే మాట్లాడండి. “మా అత్తయ్యకు అరవై ఎనిమిది, ఆవిడకూ చూడండి” అని గట్టిగా అడగండి. కాదంటే పీహెచ్‌సీ డాక్టరును అడగండి.