అశోక్‌నగర్ జమీందార్లు

సర్కారులోని ఓ పెద్దాయన మాట మీరూ టీవీలో వినే ఉంటారు. ఊళ్లో సొంత ఇల్లు, అమ్మ చేతి అన్నం వదిలేసి మన పిల్లలు హైదరాబాద్ మోజులో పడ్డారట. సిటీ విలాసాలు మరిగి వెనక్కి రామంటున్నారట. పల్లె గొప్పతనం గురించి ఆయన ఈ ముక్క సెలవిచ్చింది హైదరాబాద్‌లోనే, ఏసీ హాల్లో. పోనీలెండి. ఎక్కడ కూర్చుంటే పల్లె అందంగా కనిపిస్తుందో పెద్దలకు తెలియదా!

నా బాధల్లా ఆయన సగంలో ఆపేశారనే. విలాసం అన్నాక పన్ను వెయ్యొద్దూ? కార్లకూ సిగరెట్లకూ వాయించి, నాలుగు మంచాల గదిని వదిలేస్తే ఏం న్యాయం? ఖజానాలో పైసా లేదని రోజూ వాపోయే సర్కారు తక్షణం విలాస పన్నుల శాఖ ఒకటి తెరిచి, తొలి దాడి సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలుండే అశోక్‌నగర్ మీద చెయ్యాలి. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి దాకా ఎటు చూసినా జమీందార్లే. అధికారికి ఒక టేపు, రసీదు పుస్తకం, పంచనామాకు ఇద్దరు సాక్షులు ఉంటే చాలు.

హాస్టల్ మూడో అంతస్తు. లిఫ్టు లేదు కాబట్టి ‘ఉచిత వ్యాయామశాల’ అని రాసుకోవాలి. గదిలో నాలుగు ఇనప మంచాలు. మంచానికీ మంచానికీ మధ్య మనిషి పక్కకు తిరిగితే పడతాడు. మంచం కింద సూట్‌కేసు, దాని మీద పాలిటీ పుస్తకం, పుస్తకం మీద సగం ఆరిన లుంగీ. గదికంతా ఒకటే ప్లగ్గు. దానికి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి నాలుగు ఫోన్లు వేలాడుతుంటాయి. అది దీపాలంకరణ పద్దు కింద జమ. బాత్రూమ్ బయట పెయింటుతో పేర్లు రాసుకున్న బకెట్లు స్థిరాస్తి. కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ చేతికి అందుతుంది, దాన్ని అదనపు గోడగా లెక్క కట్టొచ్చు. ఆదివారం చికెన్‌లో మనిషికి రెండు ముక్కలు పడతాయని తెలిసేసరికి అధికారి కళ్లు మెరుస్తాయి. పొరపాటున మూడు పడ్డవాడి మీద సర్‌చార్జీ.

అక్కడి నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. మధ్యాహ్నం మనిషి ఐదు రూపాయల భోజనం లైన్లో నిలబడితే, అతని బ్యాగు ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒకే వేళకు రెండు చోట్ల కాపురం. ఇంతకన్నా భోగం ఏ నవాబు అనుభవించాడు? పైగా ఈ వైభవం కుర్రతనంతో అయిపోయేది కాదు. యూనిఫాం అక్కర్లేని ఉద్యోగాలకు వయోపరిమితిని 2024లో సర్కారే 46 ఏళ్లకు పెంచింది. అంటే అంతదాకా నిశ్చింతగా విలసిల్లమనే కదా!

పన్ను వేసేముందు వాంగ్మూలం తీసుకోవాలి. ఇంత డబ్బు పోసి ఇక్కడే ఎందుకున్నారు? కోచింగ్ ఇక్కడే అంటాడొకడు. టెస్ట్ సిరీసులు, కొత్త మెటీరియల్ పట్టుకొచ్చే జిరాక్స్ షాపులు ఇక్కడే అంటాడు ఇంకొకడు. ఇవేవీ శ్లాబులోకి రావు. మూలన కూర్చున్నవాడు మాత్రం దొరికిపోతాడు.

“ఈడ ఎవ్వరు అడుగరు సార్.”

“ఏమని?”

“ఇంకా రాలేదా అని. ఊళ్లె బస్సు దిగి ఇంటికి పొయ్యేలోపట నలుగురు అడుగుతరు. అమ్మ ఒక్కతే అడుగదు. గదే ఎక్కువ బాధ.”

రాసుకోండి. ఎవరూ అడగకపోవడం! నగరంలో నిజంగా దొరికే విలాసం ఇదొక్కటే. గరిష్ఠ శ్లాబు వెయ్యండి.

రసీదు చింపబోయే ముందు ఇంకో లెక్క కూడా చూడండి పెద్దాయనా. తెలంగాణ వచ్చింది 2014లో. తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022లో, 503 పోస్టులకు. ఆ అక్టోబరులో 2 లక్షల 80 వేల మందికి పైగా ప్రిలిమ్స్ రాశారు. పేపరు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసులోంచే లీకైంది, 2023 మార్చిలో పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. వేలిముద్రలు కూడా సరిగా తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో పాత నోటిఫికేషన్ ఎత్తేసి కొత్తది ఇచ్చారు. జూన్‌లో ముచ్చటగా మూడోసారి ప్రిలిమ్స్.

మొదటిసారికీ రెండోసారికీ మధ్య 50 వేల మంది దాకా తగ్గిపోయారు. వాళ్లు విలాసాలు మొహం మొత్తి వెళ్లారా? అద్దె కట్టలేక వెళ్లారు, పెళ్లి కుదిరిందని వెళ్లారు, నాన్నకు చేతకావడం లేదని వెళ్లారు. మిగిలినవాళ్లు మోజుతో ఉండలేదు. మీరు పరీక్ష పెడతామంటే ఉన్నారు, రద్దు చేస్తే దిక్కుతోచక ఉన్నారు, మళ్లీ పెడతామంటే మళ్లీ పాలిటీ మొదటి పేజీ తీశారు. వాళ్ల కోసం ప్రతి నెలా ఏదో ఊళ్లో ఒక తల్లి పాలు అమ్మిన డబ్బు ఎవరి ఫోన్‌లోంచో పంపించింది. పేపరు అమ్ముకున్నది ఆ తల్లీ కాదు, ఆ పిల్లలూ కాదు.

2022 అక్టోబరు నుంచి 2024 జూన్‌కి 20 నెలలు. మీరు సరిగ్గా పెట్టలేకపోయిన ఒక పరీక్షకు వాళ్లు కట్టిన హాస్టల్ అద్దె అది. పన్ను తర్వాత వేద్దురుగానీ, ముందు ఆ బాకీ తీర్చండి.