మ్యాక్ అడ్రస్‌కు ఏడు వేషాలు వేయించే విధానం

నెట్‌వర్క్ సవ్యంగా నడిచినంత కాలం దాన్ని నడిపే మనిషి ఎవరికీ గుర్తుకు రాడు. అప్రైజల్ వేళ మాత్రం "ఇంతకీ మీరు చేసే పనేంటండీ?" అని అడుగుతారు. ఈ గండం గట్టెక్కడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. కొత్త పరికరాలు కొననక్కర్లేదు, వైర్లు పీకనక్కర్లేదు. ఒకే పరికరం అడ్రస్‌ను ఒక్కోచోట ఒక్కో తీరుగా రాసి ఊరుకుంటే చాలు. మిగతాది, ఏ పరికరాన్ని నెట్‌వర్క్‌లోకి రానివ్వాలో తేల్చే రేడియస్ సర్వర్ చూసుకుంటుంది.

ముందు సరంజామా. నెట్‌వర్క్‌కు తగిలించే ప్రతి వస్తువుకూ, ల్యాప్‌టాప్ కానివ్వండి, ప్రింటర్ కానివ్వండి, గోడ మీది సీసీ కెమెరా కానివ్వండి, 48 బిట్ల మ్యాక్ అడ్రస్ ఒకటి ఉంటుంది. రాస్తే పన్నెండు స్థానాలు: 0 నుంచి 9 దాకా అంకెలు, ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు. ముందు సగం ఐఈఈఈ అనే సంస్థ తయారీదారుకు కేటాయించినది, వెనక సగం తయారీదారు వేసుకున్నది. తీగలో పోయేటప్పుడు ఇవి ఒట్టి బిట్లే. వాటిలో హైఫన్ లేదు, కోలన్ లేదు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేదు. మనుషులు చదువుకోవడానికి వీలుగా వాటిని అక్షరాల్లో పెట్టారు. ఆ అక్షరాలను మళ్లీ యంత్రాల చేతికే ఇచ్చి పోల్చమన్నారు. మన అవకాశమంతా ఇక్కడే ఉంది.

ఉదాహరణకు 08-00-20-01-02-03 తీసుకుందాం. మొదటి మూడు జతలూ ఒకప్పటి సన్ మైక్రోసిస్టమ్స్‌వి, వెనక మూడూ మనం వేసుకున్నవి. విండోస్ దీన్ని ఇలాగే, హైఫన్లతో చూపిస్తుంది. లినక్స్‌లో 08:00:20:01:02:03. సిస్కో స్విచ్‌లో చుక్కలు పెట్టి 0800.2001.0203. హువావే స్విచ్‌లో 0800-2001-0203. హెచ్‌పీ వారి పాత ప్రోకర్వ్ స్విచ్‌లో నడుమ ఒక్క గీతతో 080020-010203. పాస్‌వర్డ్ చెప్పలేని పరికరాలను లోపలికి పంపేటప్పుడు చాలా స్విచ్‌లు అసలు గీతలే లేకుండా 080020010203 అంటాయి. సోలారిస్‌లోనూ, యాపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో ఏఆర్‌పీ పట్టిక తెరిచినా, ముందు సున్నాలు దండగని తీసేసి 8:0:20:1:2:3 అని చూపిస్తారు. మన ఉదాహరణలో అక్షరాలు లేవు గనక ఏడుతో ఆగాం. ఏ, బీ, సీలు ఉండి ఉంటే పెద్దవీ చిన్నవీ కలిసి ఈ సంఖ్య రెట్టింపయ్యేది.

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు వెనక్కి పోయి ఉన్న మనిషికి కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. రేడియస్ సర్వర్ కూడా అలాంటి కౌంటరే. ఎదురుగా ఉన్నదెవరో చూడదు, కాగితం మీది అక్షరాన్ని అక్షరంతో పోలుస్తుంది.

మీ పద్ధతికి శాస్త్రాధారం లేదని ఎవరైనా అంటే బెదరకండి, ఉంది. రేడియస్ పుట్టింది డయలప్ మోడెముల కాలంలో, లివింగ్‌స్టన్ అనే కంపెనీలో. అందుకే 2000 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2865లో 31వ గుణం, అంటే కాలింగ్ స్టేషన్ ఐడీ, పిలిచినవారి ఫోను నంబరు రాసుకునే చోటు. అందులో ఏ రూపంలో రాయాలన్నది ఆయా చోట్ల వాడకాన్ని బట్టి ఉంటుందని ఆ పత్రమే ఒప్పుకుంది. ఈ వాక్యాన్ని ప్రింటు తీసి మీ సీటు వెనక అంటించుకోండి. 2003లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3580 మాత్రం చదవకండి. అందులో ఇదే చోట మ్యాక్ అడ్రస్‌ను పెద్దక్షరాలతో, జతజతకూ నడుమ హైఫన్‌తో రాయాలని ఉదాహరణతో సహా ఉంది. ఎవరైనా దాన్ని పట్టుకొస్తే, అది ప్రామాణికం కాదనీ, సమాచారం కోసం వెలువరించిన మార్గదర్శకం మాత్రమేననీ అనండి. నిజమే కూడా.

కోలన్ పక్షంవాళ్లు మరీ గొడవ చేస్తే బ్రహ్మాస్త్రం ఒకటుంది. ఐఈఈఈ 802 పాత ప్రమాణం ప్రకారం హైఫన్లతో రాసేది ఒక వరస, కోలన్లతో రాసేది ప్రతి జతలోనూ బిట్లను తిరగేసిన వరస. ఆ లెక్కన హైఫన్లతో 08-00-20 అయినది కోలన్లతో 10:00:04 కావాలి. టోకెన్ రింగ్ నెట్‌వర్కులతో పాటే ఈ నియమాన్నీ లోకం మరిచిపోయింది. మీటింగ్‌లో గుర్తుచేస్తే అరగంట గడిచిపోతుంది.

ఇక ఆచరణ. మొదలు ప్రింటర్‌తో పెట్టండి. ప్రింటర్‌కు యూజర్‌నేమ్ టైపు చేయడం రాదు గనక స్విచ్ దాని తరఫున మ్యాక్ అడ్రస్‌నే యూజర్‌నేమ్‌గా, మళ్లీ దాన్నే పాస్‌వర్డ్‌గా పంపుతుంది. ఈ పాస్‌వర్డ్ ఎంత రహస్యమంటే, ప్రింటర్ వెనక స్టిక్కర్ మీద అచ్చేసి ఉంటుంది. సిస్కో స్విచ్ మామూలుగా పంపే ఒకే అభ్యర్థనలో యూజర్‌నేమ్ గీతల్లేకుండా చిన్నక్షరాల్లో ఉంటుంది, కాలింగ్ స్టేషన్ ఐడీ హైఫన్లతో పెద్దక్షరాల్లో ఉంటుంది, అదే స్విచ్ తెర మీద చుక్కలతో చూపిస్తుంది. ఒకే డబ్బాలో మూడు వేషాలు. అదీ చాలదనుకుంటే యూజర్‌నేమ్ రూపం మార్చుకునే కమాండ్ ఉంది: గుంపుకు ఒకటి, రెండు, నాలుగు లేక పన్నెండు స్థానాలు, మధ్యలో హైఫన్, కోలన్ లేక చుక్క, పెద్దవో చిన్నవో మీ ఇష్టం. గుంపుకు ఒక్కటి చొప్పున పెట్టి ప్రతి అంకె మధ్యా చుక్క పెట్టించిన మహానుభావుడు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు. లేకపోతే ఆ సదుపాయం ఎవరి కోసం?

అంతస్తుకో రూపం పెట్టండి. ఒకే అంతస్తు ఉంటే, పాత స్విచ్‌లకు ఒకటి, కొత్తవాటికి ఒకటి.

ఈ ఖాతాలను విండోస్ యాక్టివ్ డైరెక్టరీలో పెట్టుకుంటే ఫలితం ఇంకా రుచిగా ఉంటుంది. అక్కడ యూజర్‌నేమ్‌లో పెద్దచిన్న అక్షరాల పట్టింపు లేదు, పాస్‌వర్డ్‌లో ఉంది. ఖాతాను పెద్దక్షరాలతో తెరిచి, స్విచ్ చేత చిన్నక్షరాలు పంపిస్తే పేరు కలుస్తుంది, పాస్‌వర్డ్ కలవదు. అప్పుడు అకౌంట్స్ సెక్షన్ నుంచి ఫోనొస్తుంది.

"బాబూ, పొద్దుటి నుంచి ప్రింటర్ రావట్లేదు. జీతాల స్టేట్‌మెంట్ మధ్యాహ్నంలోగా బ్యాంకుకు వెళ్లాలి."

"చూస్తున్నానండీ మేడమ్. పాస్‌వర్డ్ తప్పు కొడుతోంది."

"ప్రింటర్‌కు పాస్‌వర్డ్ ఏంటయ్యా? ఎవరు కొడుతున్నారు?"

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. "సర్వర్ టీమ్‌తో మాట్లాడుతున్నాను" అనాలి. సర్వర్ టీమ్ కూడా మీరే అయినా సరే.

యూజర్‌నేమే పాస్‌వర్డ్ అయితే డొమైన్ పాస్‌వర్డ్ నియమాలు ఒప్పుకోవు కదా అని మీకు సందేహం రావచ్చు. ఈ ఖాతాలకు మాత్రమే వేరే నియమం పెట్టే వీలు విండోస్ సర్వర్ 2008 నుంచే ఉంది. అది వెతకడం ఎందుకు? మొత్తం సంస్థకే నియమం సడలించండి. ఎండీ గారు కూడా తన పేరునే పాస్‌వర్డ్‌గా పెట్టుకుని మిమ్మల్ని దీవిస్తారు.

పరికరాల జాబితా ఎక్సెల్‌లోనే ఉండాలి. ఇందులో రాజీ వద్దు. 080020010203 అని కొట్టి ఎంటర్ నొక్కగానే ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని ముందు సున్నా మింగేసి 80020010203 చేస్తుంది. అన్నీ అంకెలై, చివరికి కాస్త ముందు ఒక్క 'ఈ' అక్షరం ఉన్న అడ్రస్ దొరికితే మీ పంట పండినట్టే. దాన్ని పది మీద ఘాతంగా లెక్కగట్టి ఖగోళ శాస్త్రవేత్తలు వాడే సంఖ్యగా మార్చి సేవ్ చేస్తుంది. వెనక్కి రాదు. వందల వరసల్లో ఇలాంటివి రెండుమూడు మాత్రమే ఉంటాయి గనక ఎవరూ కనిపెట్టరు. ఆ రెండుమూడు పరికరాలకే ఎప్పుడూ నెట్ ఎందుకు రాదో ఎవరికీ అర్థం కాదు. వాటి మీద కంప్లైంట్ రాసి వెండర్‌కు పంపండి.

ఎక్సెల్ మోటుదని, తాము ఆధునికులమని అనుకునేవారు యామెల్ ఫైల్‌లో రాస్తారు. వారికీ దారి ఉంది. యామెల్ 1.1లో కోలన్లతో విడగొట్టిన అంకెలను గంటలు, నిమిషాల లెక్కన అరవై ఆధారంగా కూడే నియమం ఒకటుంది. కొటేషన్ గుర్తులు పెట్టకుండా 8:0:20:1:2:3 అని రాస్తే పైథాన్‌లో విరివిగా వాడే పైయామెల్ దాన్ని 6225123723 అనే పూర్ణసంఖ్యగా అందిస్తుంది. ఎనిమిదో వేషం, అదీ ఎవరూ అడగకుండానే. ఇది చూసి నాకు ఆ లైబ్రరీ మీద గౌరవం పెరిగింది.

క్యాంపస్ హాస్టళ్ల బాధ్యత మీదైతే విద్యార్థుల ఫోన్ల అడ్రస్‌లు కాగితం ఫారం మీద చేత్తో రాయించుకోండి. మ్యాక్ అడ్రస్‌లో ఓ అనే అక్షరానికి చోటే లేదు, అయినా ఫారాల్లో అది పుష్కలంగా ఉంటుంది. బీకీ 8కీ, డీకీ సున్నాకీ తేడా రాసినవాడికే తెలియదు. అవన్నీ ఎక్కించడం పూర్తయ్యాక, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయన్న సంగతి నెమ్మదిగా తెలుసుకోండి. అలాంటి అడ్రస్‌ను గుర్తుపట్టడం చిటికెలో పని, రెండో స్థానంలో 2, 6, ఏ, ఈలలో ఏదో ఒకటి ఉంటుంది. ఫారంలో ఆ ఒక్క గడి చూస్తే సరిపోయేది. చూడొద్దు.

అభ్యర్థన ఏ వైఫై నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే 30వ గుణం కాల్డ్ స్టేషన్ ఐడీ చూడాలి. యాక్సెస్ పాయింట్ అడ్రస్, ఒక కోలన్, ఆ తర్వాత వైఫై పేరు. అడ్రస్ హైఫన్లతో ఉంటుందన్న నమ్మకంతో కోలన్ల దగ్గర కోసి రెండో ముక్కను వైఫై పేరుగా తీసుకునేలా స్క్రిప్ట్ రాసి వదిలేయండి. ఏదో ఒక ఏడాది కోలన్లతో పంపే కంపెనీ యాక్సెస్ పాయింట్లు టెండర్ గెలుస్తాయి. ఆ రోజు నుంచి అడ్రస్‌లోని రెండో జతే స్టాఫ్ వైఫై పేరు అవుతుంది, గెస్ట్ వైఫై పేరూ అదే అవుతుంది. అతిథులకు స్టాఫ్ హక్కులు రావచ్చు, స్టాఫ్‌కు అతిథి మర్యాదలు దక్కవచ్చు.

డేటాబేస్ సంగతికొస్తే, మైఎస్‌క్యూఎల్ మామూలుగా పెద్దచిన్న అక్షరాల తేడా పట్టించుకోదు. ఏళ్ల తరబడి మీ తప్పులను కడుపులో దాచుకుంటుంది. సరిగ్గా అందుకే ఏదో ఒక శుక్రవారం సాయంత్రం పోస్ట్‌గ్రెస్‌కు మారాలి, అక్షరాల గడిని అక్షరాల గడిగానే తీసుకెళ్లాలి. అది తేడా పట్టించుకుంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో మ్యాక్ అడ్రస్ కోసమే వేరే గడి రకం ఉందనీ, పైన చెప్పిన వేషాల్లో దాదాపు దేన్నిచ్చినా తీసుకుని ఒకే రూపంలో తిరిగి చూపిస్తుందనీ ఎవరికీ చెప్పకండి. అది వాడితే ఈ వ్యాసంలో సగం చెల్లదు.

పుణ్యం పురుషార్థం అన్నట్టు లాగ్‌ల సంగతి కూడా. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి. దాచండి, కాదనలేదు. డీహెచ్‌సీపీ లాగ్‌లో కోలన్లు, స్విచ్ లాగ్‌లో చుక్కలు, రేడియస్ లెక్కల్లో హైఫన్లు ఉండేలా దాచండి. ఆ పరికరం ఎవరిదని అడిగిన రోజున ఒక రూపంతో వెతికితే మూడో వంతు కథే దొరుకుతుంది. ఆరు గంటల్లో నాలుగు ఆ మూడూ ఒకటేనని ఒప్పించడానికి పోతాయి.

ఇంత కట్టుదిట్టం చేసినా ఒక ముప్పు మిగిలే ఉంటుంది: కొత్తగా చేరిన కుర్రాడు. ఫ్రీరేడియస్‌తో పాటే అడ్రస్‌ల రూపం సరిచేసే పాలసీ ఫైల్ వస్తుందని అతను కనిపెడతాడు. అభ్యర్థన లోపలికి రాగానే, ఇంకే పోలికా జరగకముందే, ఏ వేషంలో వచ్చిన అడ్రస్‌నైనా పెద్దక్షరాల హైఫన్ రూపంలోకి మార్చేయవచ్చంటాడు. గుమ్మం దగ్గర ఒక్కసారి మారిస్తే డేటాబేస్‌లో ఒకే రూపం, లాగ్‌లో ఒకే రూపం, స్విచ్‌లు ఎలా పంపితే మనకేంటి అంటాడు. "సార్, ఆథరైజ్ సెక్షన్‌లో ఒక్క లైన్ సార్" అంటాడు. వాదించకండి, ఎందుకంటే అతను చెప్పేది నిజం. సోలారిస్ పెట్టె ఒకటి మూలన ఉంటే దాని పొట్టి రూపం ఆ పాలసీకి చిక్కదని అడ్డు చెప్పబోతారేమో, అదీ వద్దు. గీతలు తీసేయడానికి ముందు ప్రతి ముక్కకూ రెండంకెలు నింపాలని అతను వెంటనే చెప్పేస్తాడు. ముందే గీతలు తీసేస్తే 8020123 మిగిలి, పోయిన సున్నాలు ఎక్కడివో దేవుడికి కూడా తెలియదనీ అంటాడు.

"బావుందయ్యా, చేంజ్ రిక్వెస్ట్ పెట్టు" అనండి. అన్ని విభాగాలనూ పిలిచి మీటింగ్ పెట్టించండి. ఎజెండా మాత్రం మీరే రాయండి. మొదటి అంశం: హైఫనా, కోలనా? రెండో అంశంగా ఆ ఒక్క లైన్ పెట్టండి. అక్కడిదాకా ఎవరూ రారు.