సీసాలో మూడువేలు

మా బామ్మర్ది పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో క్యూసీ కెమిస్టు. డ్రమ్ము వెంట అనాలిసిస్ సర్టిఫికెట్ రాకపోతే గేటు దాటనివ్వడు. వచ్చినా నమ్మడు. శాంపిల్ తీసి, తూచి, కరిగించి, యంత్రంలో పెట్టి, అంకె కాస్త అటూ ఇటూ అయితే మూడు పేజీల డీవియేషన్ రిపోర్టు రాసి సప్లయర్‌కు నిద్ర లేకుండా చేస్తాడు. అలాంటి మనిషి మొన్న మే నెల ఎండల్లో, ఆదివారం పూట, కందిలో వాళ్ల ఫ్లాటు గుమ్మంలో కొరియర్ అబ్బాయి చేతి నుంచి పావులీటరు సీసా అందుకున్నాడు. ‘3,000కు పైగా బతికున్న కోపెపాడ్లు’ అని దానిమీద అంటించిన ముక్క చదివాడు. 1,200 రూపాయలు పోసి కొన్న ఆ సీసాను కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

"ఎవరు లెక్కపెట్టిండ్రురా?" అన్నాను.

"సీసా మీద రాసిండ్రు కద బావా!"

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు.

తర్వాత లైట్లు ఆర్పి సీసా వెనక ఫోన్ టార్చి పెట్టాడు. "సూడు, కదులుతున్నయ్" అన్నాడు. నిజమే, కదులుతున్నాయి. సీసాను అంతసేపు ఊపితే అడుగున ఉన్న మురికి కూడా కదులుతుంది.

కోపెపాడ్ అంటే గ్రీకులో తెడ్డుకాళ్లది అని. రొయ్యకూ పీతకూ చుట్టం. చాలావరకు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. సముద్రంలో లెక్కకు అందనన్ని ఉంటాయి, చేపపిల్లలకు అవే తొలి ముద్ద. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా కందిలో సముద్రం కట్టడం దగ్గరే. బామ్మర్ది ఇంట్లో నాలుగడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో ఆర్వో నీళ్లు, ప్యాకెట్ ఉప్పు, నీలం దీపాలు, ఒక మాండరిన్ చేప. అందులోని పగడాలు ఎక్కడివని నేను అడగలేదు. రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చి పులి పక్కన కూర్చోబెట్టారు. ఇవి మెత్తవే అంటాడు వీడు. చుట్టరికం నిలవాలంటే కొన్ని అడగకూడదు.

మాండరిన్ మాత్రం అందగత్తె, ఒప్పుకోవాలి. నీలం మీద నారింజ రంగు మెలికలు, పట్టుచీర అంచులా. పసిఫిక్ పగడపు దిబ్బల్లో పుట్టిన ఈ చేప డబ్బా మేతను సాధారణంగా ముట్టదు. పొద్దస్తమానం రాళ్ల మీద ఈ పురుగుల్ని ఏరుకు తింటూనే ఉంటుంది. నేను గడియారం పెట్టుకుని చూశాను. నిమిషానికి ఐదుసార్లు కొరికింది. సీసాలో మూడువేలూ నిజంగా ఉన్నాయనుకున్నా పది గంటల తిండి. పొద్దున ఎనిమిదింటికి పోస్తే సాయంత్రం ఆరుకల్లా మళ్లీ పస్తు. వీడి చందా నెలకు ఒక సీసా!

ఈ పురుగుల సంగతి విని అత్తమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. "నీళ్లల్ల పురుగులకు పైసలిచ్చిండా?" అంది. ఆమె ఆశ్చర్యానికి కారణం ఉంది. ఆమె చిన్నప్పుడు ఊళ్లో దిగుడు బావి నీళ్లు తాగి వాళ్లమ్మకు నారికురుపు లేచింది. పిక్కలోంచి మూరల పొడవు పురుగు బయటికొస్తుంటే పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. తెగితే నరకమే. ఆ నారిపురుగు పిల్లల్ని కడుపులో మోసుకొచ్చేది సైక్లాప్స్ అనే ఒంటికన్ను నీటిపురుగు. అది కూడా కోపెపాడే, వీడి సీసాలోవాటికి మంచినీటి దాయాది. దాని పీడ వదిలించడానికి 1980ల్లో సర్కారు ఊరూరా తిరిగింది. దిగుడు బావులు మూయించింది, నీళ్లలో మందు కలిపించింది, గుడ్డతో వడగట్టుకు తాగమని చెప్పింది. దేశంలో ఆఖరి కేసు 1996లో. నారికురుపు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో సర్టిఫికెట్ ఇచ్చింది. అత్తమ్మ కుండ మూతికి ఇప్పటికీ తెల్లగుడ్డ కడుతుంది. కొడుకేమో అదే వంశం వాళ్లను కొరియర్‌లో పిలిపించుకుంటున్నాడు. సముద్రపు కోపెపాడ్లతో ఈ జబ్బు రాదని నేను నచ్చజెప్పాను. "రాకపోతే మంచిదే, పైసలెందుకు?" అంది.

దానికి కెమిస్టు దగ్గర జవాబు లేదు. ఎందుకంటే సీసా అనేది అసలు తిండి కాదు, తోడు. పాలల్లో చెంచాడు పెరుగు వేస్తే గిన్నెడు పెరుగవుతుంది, రేపటికి మళ్లీ అందులోంచే చెంచాడు తీసి దాస్తాం. తోడుకు నెలవారీ చందా కట్టే ఇల్లాలిని ఎవరైనా చూశారా? ఈ పురుగులకూ అంతే. పెద్ద గాజుసీసా, తొట్టిలో నీళ్లంత ఉప్పదనం, మెల్లగా బుడగలు, నీళ్లు లేతాకుపచ్చగా కనబడేంత నాచు మేత. ఆడపురుగు గుడ్ల సంచి మోసుకుని తిరుగుతుంది, కొన్ని వారాల్లో సీసా నిండుతుంది. వారానికోసారి పావువంతు వడగట్టి తొట్టిలో పోస్తే చాలు. అమ్మేవాడు మాత్రం ఈ మాట సీసా మీద ఎందుకు రాస్తాడు?

పైగా వీడు పోసే పద్ధతి ఒకటుంది. తొట్టి కింద నీళ్లను వడగట్టే సంచి, పక్కన మలినాలు నురగ కట్టించే స్కిమ్మర్, గొట్టంలో సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం. మూడూ ఆన్‌లో పెట్టి సీసా వంపాడు. తోడేసిన గిన్నెను పొయ్యి మీద పెట్టడం ఇదే. చేపలకు తెల్లమచ్చలు వచ్చాయని పోయిన నెల రాగి మందు కూడా ఆ తొట్టిలోనే పోశాడట. రాగి చేపను బతికిస్తుంది, పురుగును చంపుతుంది. ఈ ముక్క నేను చెబితే, "అవునా బావా?" అన్నాడు, రసాయన శాస్త్రంలో పట్టా ఉన్నవాడు.

ఆ తొట్టి నీటికి ఇంట్లో ఉన్న మర్యాద చూస్తే నాకు పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు మోసిన నక్కవాగు గుర్తొస్తుంది. ఉప్పు శాతం, క్షారత, నైట్రేటు రోజూ కొలిచి డైరీలో రాస్తాడు. పొద్దున రుద్రారం, ఇస్నాపూర్ మీదుగా డ్యూటీకి పోయేటప్పుడు వాసన కొడితే కారు అద్దం ఎక్కిస్తాడు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీళ్లకు డైరీ రాసేవాడు మా ఇంట్లో ఎవడూ లేడు. మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడం పాత సామెత. మేం వాగును ఒలకబోసుకుని ముంతలో సముద్రం పెంచుతున్నాం.

ఇక గ్యారంటీ. చచ్చినవి వస్తే రెండు గంటల్లోపు ఫొటో పంపాలట. మిల్లీమీటరంత పురుగు చచ్చిందని ఫొటోలో ఎలా చూపించాలి? బతికున్నదీ ఫొటోలో కదలదు కదా!

చివరికి వాడి లెక్కే వాడికి అప్పజెప్పాను. 250 మిల్లీలీటర్లకు 3,000 అంటే మిల్లీలీటరుకు 12. సీసా అడుగున మిగిలింది బాగా కలిపి, పది మిల్లీలీటర్లు సిరంజితో తీసి, అత్తమ్మ తెల్ల పింగాణీ పళ్లెంలో పోసి, భూతద్దం పట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. రావలసినవి 120. అరగంట చూశాం. కదిలేవి తొమ్మిది.

ఇదే ఫ్యాక్టరీలో అయితే సరుకు గేటు బయటే ఉండేది. బామ్మర్ది పళ్లెం వంక చూసి, "ఎండలకు వచ్చింది కద బావా, దార్ల పోయినయేమో" అన్నాడు. మూడు పేజీల రిపోర్టు రాసేవాడు అమ్మినవాడి తరఫున ఒక్క వాక్యంలో కేసు కొట్టేశాడు.

ఆ తొమ్మిదింటినీ ఊరగాయ జాడీలో వేసి, బుడగల గొట్టం పెట్టి, కిటికీ దగ్గర ఉంచాను. చందా రద్దు చేస్తానన్నాడు గానీ చెయ్యలేదు. జూన్ సీసా నిన్ననే వచ్చింది. మీ ఇంటికీ ఇలాంటి సీసా వస్తుంటే, తొట్టిలో వంపకముందు పది మిల్లీలీటర్లు తెల్ల పళ్లెంలో పోసి చూడండి.