మోకాళ్ళు వంచండి, నేల అందుకోకండి

యోగా మొదలుపెట్టానని ఎవరికైనా చెప్పి చూడండి, వెంటనే అడిగేది ఒకటే: "వంగితే బొటనవేళ్ళు అందుతున్నాయా?" అందితే యోగా వచ్చినట్టు, అందకపోతే ఇంకా రానట్టు మన లెక్క. నేను చెప్పబోయేవన్నీ ఆ లెక్కకి అడ్డం తిరిగిన సలహాలు. మొదటిసారి వింటే తప్పుడు సలహాలనే అనిపిస్తాయి. పదేళ్ళుగా చేస్తూ, అందులో ఎనిమిది నెలలు నొప్పితో పోగొట్టుకుని, ఆ తర్వాత నమ్మి చెబుతున్నవి ఇవి.

ముందుకి వంగే ఆసనాల్లో మోకాళ్ళు వంచండి. పాదహస్తాసనానికీ పశ్చిమోత్తానాసనానికీ ఇదే మాట. తొడ వెనక కండరాలు పిరుదుల కింద మనం కూర్చునే ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి, కింది కాలి ఎముకకి అంటుకుని ఉంటాయి. రోజంతా కుర్చీలో గడిపేవాళ్ళలో చాలామందికి అవి బిగుసుకుపోయి ఉంటాయి. మోకాళ్ళు నిటారుగా బిగించి వంగితే ఆ కండరాలు కటిని వెనక్కి పట్టేస్తాయి. కటి కదలకపోతే ఇక వంగేది నడుమే. వెన్ను గూనిలా ముడుచుకుని పూసల మధ్య డిస్కుల మీద ఒత్తిడి పడుతుంది. మోకాళ్ళు కాస్త వంచారా, కండరాలు వదులై కటి ముందుకి ఒరుగుతుంది, పొట్ట తొడలకి ఆనుతుంది, వెన్ను పొడవుగా ఉంటుంది. చెయ్యి ఎక్కడిదాకా వెళ్ళిందో చూడకండి. పొట్ట తొడకి తగిలిందా లేదా చూసుకోండి.

ఇది నేను నొప్పి పడి నేర్చుకున్నాను. ఒక క్లాసులో పశ్చిమోత్తానాసనంలో ఉన్నాను. ముక్కుకీ మోకాళ్ళకీ ఇంకా జానెడు దూరం. నేర్పేవారు వెనకనుంచి వచ్చి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ రెండు అరచేతులూ వీపు మీద ఆనించి నొక్కారు. కుడి పిరుదు కింద తాడు పుటుక్కుమన్నట్టయింది. ఆ రోజు ముక్కు మోకాలికి తగిలింది, పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు. తర్వాత ఎనిమిది నెలలు సినిమా హాల్లో కూర్చోలేకపోయాను. బస్సెక్కితే సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళేదాన్ని.

రెండో సలహా ఇంకా వింతగా ఉంటుంది. కొత్త ఆసనాలు నేర్చుకోకండి, కొన్నాళ్ళు తాడాసనంలోనే ఉండిపోండి. ఊరికే నిలబడటమే కదా అని అందరూ అర నిమిషంలో దాటేసే ఆసనం అది. స్నానం చేసి తడికాళ్ళతో గచ్చు మీద నిలబడి, పక్కకి జరిగి ఆ అచ్చు చూడండి. నా అచ్చులో ఎడమ పాదం మధ్యలో సన్నటి నడుములా ఖాళీ ఉంది. కుడి పాదానికి ఆ ఖాళీయే లేదు, లోపలి అంచంతా నేలకి అతుక్కుపోయింది. నలభై ఏళ్ళు నడిచాను, ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. కుడి మోకాలు లోపలికి వాలడం, ఆ వైపు చెప్పు ముందు అరగడం, అన్నీ అక్కడే మొదలయ్యాయి. బొటనవేలి కింది మెత్త, చిటికెనవేలి కింది మెత్త, మడమ: ఈ మూడు చోట్లా బరువు సమంగా ఆనేలా నిలబడండి. మోకాళ్ళు వెనక్కి బిగించకండి. "ఛాతీ విరుచుకో" అంటారు, విరవకండి. పక్కటెముకలు ముందుకి తోసుకొస్తే నడుము దగ్గర లోతుగా గుంట పడుతుంది. నడినెత్తిని ఎవరో మెల్లగా పైకి లాగుతున్నట్టు ఉంటే చాలు. ఇది కుదిరితే వృక్షాసనం, త్రికోణాసనం సగం వచ్చినట్టే.

త్రికోణాసనం దగ్గర మా కింది ఫ్లాట్ పిన్నిగారి మాట చెప్పాలి. అరవై రెండేళ్ళావిడ. చెయ్యి నేలకి తగిలించాలనే పట్టుదలతో నడుం మెలిపెట్టి, ఛాతీ నేల వైపు తిప్పేసి, ఊపిరి బిగబట్టి మరీ తగిలించేవారు. నేను వంటింట్లోంచి పీట తెచ్చి, నిలువుగా గోడకి ఆనించి చేతి కింద పెట్టాను.

"పీట మీదా? వేళ్ళు నేలకి తగలకపోతే ఆసనమెలా అవుతుందే అమ్మాయ్?"

"తగలక్కర్లేదు పిన్నిగారూ. ఛాతీ గోడకి ఎదురుగా తిప్పండి, చాలు."

తిప్పారు. నడుము రెండు వైపులా సాగింది, పై చెయ్యి తనంతట తనే నిలువుగా లేచింది. ఆవిడ నోటినుంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది. అంతసేపూ బిగబట్టి ఉన్న ఊపిరి అది. ఇప్పుడు పీట ఆవిడదే, నాకు తిరిగివ్వలేదు.

పీటలూ తాళ్ళూ చేతకానివాళ్ళకి అనేవాళ్ళున్నారు. 1966లో 'లైట్ ఆన్ యోగా' రాసిన బి.కె.ఎస్. అయ్యంగార్ ఆ పుస్తకంలోని కష్టమైన ఆసనాలన్నీ స్వయంగా వేసి ఫోటోలు దిగిన మనిషి. చెక్క దిమ్మలు, బెల్టులు, దుప్పట్లు, కుర్చీలు పుణెలో తన శిష్యుల చేత వాడించింది కూడా ఆయనే. మన ఇళ్ళల్లో వేరే కొనక్కర్లేదు. పాత పంచె బెల్టవుతుంది, మడతపెట్టిన బొంత పిరుదుల కింద ఎత్తవుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, జారుతుంది.

పద్మాసనం రాకపోతే ప్రయత్నించకండి. ఆ మడత మోకాలిది కాదు, తుంటిది. తుంటి కీలు గుంటలో బంతిలాంటిది, అన్ని వైపులా తిరుగుతుంది. మోకాలు దాదాపు తలుపు మడతబందు లాంటిది. తుంటి తిరగనప్పుడు పాదాన్ని బలవంతంగా తొడ మీదికి లాగితే మెలిపడేది మోకాలే. తుంటి గుంట లోతూ వాలూ మనిషికీ మనిషికీ తేడా. కొందరికి ఎన్నేళ్ళు చేసినా రాదు. అది వాళ్ళ లోపం కాదు. బొంత మీద ఎత్తుగా సుఖాసనంలో కూర్చోండి.

భుజంగాసనంలో మోచేతులు పూర్తిగా చాచకండి. బొడ్డు నేలనుంచి లేవకముందే ఆగండి. వృక్షాసనంలో గోడ పట్టుకోండి, పాదం మోకాలి మీద మాత్రం ఆనించకండి, పైనో కిందో పెట్టండి. శీర్షాసనం అసలు వద్దు. బీపీ ఉన్నవాళ్ళకీ, గ్లాకోమా ఉన్నవాళ్ళకీ అయితే కచ్చితంగా వద్దు. తలకిందులైతే కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. మెడలో ఉన్నవి ఏడు చిన్న పూసలు, ఒళ్ళంతటి బరువు మోయడానికి ఉన్నవి కావు.

మరొకటి: మైకు కంటే వెనకబడండి. 2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో లక్షల మంది ఒకే మాటకి ఆసనాలు వేశారు. ఆ రోజు చూసి మొదలుపెట్టినవాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు, నాకెంతో సంతోషం. కానీ మైకు మీ ఊపిరి లెక్కపెట్టదు. అది "శ్వాస వదలండి" అన్నప్పుడు మీ ఊపిరి ఇంకా లోపలికే వెళుతుంటే, దాని దారిన దాన్ని పోనివ్వండి. రథసప్తమికి నూటెనిమిది సూర్యనమస్కారాలు చేస్తామనేవాళ్ళకీ ఇదే చెబుతాను. నలభయ్యో దానికి భుజాలు కుంగి, నడుము వేలాడుతూ కిందికి దిగుతుంటారు. మూడు చేయండి, ఒక్కొక్కటి నింపాదిగా. ఊపిరి ఆగిందంటే మీరు మీ హద్దు దాటేశారని అర్థం, వెంటనే సగం వెనక్కి రండి.

పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. వాటిలో ఏ ఒక్క ఆసనం పేరూ లేదు, వేళ్ళు ఎక్కడ తగలాలో లేదు. కుదురుగా, హాయిగా ఉండాలని మాత్రం ఉంది.

అందుకే నాదొక్క మనవి. రేపు క్లాసులో ఎవరైనా మీ వీపు మీద చేతులు వేసి నొక్కబోతే, ఎంత పెద్దవారైనా సరే, "వద్దండీ, నాకు ఇక్కడిదాకా చాలు" అని వాళ్ళకి వినిపించేలా చెప్పండి.