వడి–వేగ సూత్రమునకు బిలాస్‌పూర్ టీక

మూలము: తెల్లవారి బిలాస్‌పూర్ విడిచి, నాగ్‌పూర్ చేరి, పొద్దుపోయి మరల బిలాస్‌పూర్‌లో దిగినవానికి వడి కలదు, వేగము లేదు.

టీక: తెల్లవారి = కోడికూతను బట్టి కాక కాలపట్టికను బట్టి తెల్లవారి; బిలాస్‌పూర్ = బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి జంక్షనును, 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమును అయిన పట్టణమును; విడిచి = వదలి (ఇల్లు వదలి యని కాదు, రాత్రికి వచ్చుచున్నాడు గనుక); నాగ్‌పూర్ చేరి = పట్టాల మీదుగా సుమారు 412 కిలోమీటర్లు పోయి; వడి = ఏ వైపునకని అడుగక, ఎంత దూరము ఎంత కాలములో నడిచెనో మాత్రమే చెప్పు అదిశరాశి; కలదు = ఉన్నది; వేగము = బయలుదేరిన చోటి నుండి చేరిన చోటికి గల తిన్నని ఎడమును, అనగా స్థానభ్రంశమును, కాలముచే భాగింపగా దిశతో కూడ వచ్చు సదిశరాశి; లేదు = సున్న.

తాత్పర్యము: 2022 డిసెంబరు 11న ప్రారంభమైన వందే భారత్ బండికి ఈ దూరము ఐదున్నర గంటలలో ముగియునట్లు కాలపట్టిక వేయబడినది గనుక సగటు వడి గంటకు 75 కిలోమీటర్లగును. అయితే పట్టాలు రాయ్‌పూరును, దుర్గును, గోండియాను పలుకరించుచు వంపులు తిరిగి పోవును గాని తిన్నగా పోవు. రెండు ఊళ్ళ నడుమ తిన్నని దూరము సుమారు 330 కిలోమీటర్లే యగుటచే సగటు వేగము గంటకు 60 కిలోమీటర్లు, అదియు పడమరకు కొంత దక్షిణముగా. తిరుగు ప్రయాణము ముగియగానే దూరము 824 కిలోమీటర్లకు పెరుగును, స్థానభ్రంశము సున్నకు దిగును.

టికెట్టు కొని, దినమెల్ల కూర్చుండి, నడుము నొచ్చినవానికి వేగము లేదనుట అన్యాయము గదా యనినచో, కాదు. మూలము సగటును గూర్చి పలికినదే గాని, బండి కదలుచున్న ప్రతి క్షణమునను వేగమున్నది. టికెట్టు ధరయు నడుమునొప్పియు నడిచిన దూరమును అనుసరించునవి గాని స్థానభ్రంశమును అనుసరించునవి కావు. ఈ భేదమును రైల్వేవారు ఎన్నడును మరువరు.

విశేషము: ఇంజనులోని స్పీడోమీటరు వడిని మాత్రమే చూపును. దిశ లోకో పైలట్ చేతిలో లేదు. బండి కట్నీ వైపు పోవునా, రాయ్‌పూర్ వైపు పోవునా యన్నది పాయింట్లు అమర్చువారు నిర్ణయింతురు. అట్లు ఒకే బండి వేగమునకు ఇరువురు యజమానులు. వంపులో ముల్లు కదలకున్నను దిశ మారుచున్నది గనుక వేగము మారినట్లే; వేగము మారుటకు బలము కావలయును; అందుచేతనే వంపులందు బయటి పట్టాను లోపలి పట్టా కంటె ఎత్తుగా పరతురు.

ఉత్తరాంధ్ర నుండి వచ్చి ఇచటి రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు దూరమునకును స్థానభ్రంశమునకును గల ఈ భేదము అనుభవమే. విశాఖ దక్షిణమున కొంత తూర్పుగా నుండగా కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెస్ మొదట రాయ్‌పూర్ దాక నైరృతికి పోవును. అంతవరకు నడిచిన దూరములో కొంత మాత్రమే విశాఖకు దగ్గరగుటకు ఉపకరించును. ఈ లెక్కలను శంకించు పాఠకులు కాలపట్టికను, దేశపటమును, ఒక స్కేలును ముందుంచుకొని తామే కొలిచి చూచుకొందురు గాక.