కొండల మధ్య రెండు సిమ్ములు

నేనొక సెల్‌ఫోన్‌ని. తిరుపతి జిల్లా శ్రీసిటీలో నా విడిభాగాలన్నీ కూర్చి నాకు ప్రాణం పోశారు. నర్సీపట్నంలో ఓ దుకాణంలో నన్ను కొన్నావిడ కొయ్యూరు మండలంలో ఆశా కార్యకర్త. చుట్టుపక్కల గూడేలన్నీ ఆవిణ్ణి ఆశమ్మ అనే పిలుస్తాయి కాబట్టి నేనూ అలాగే అంటాను. ఆవిడ భుజాన వేలాడే సంచీలో, మాత్రల డబ్బాకీ గర్భిణుల రిజిస్టరుకీ మధ్య నా చోటు. ఆవిడ జీడిమామిడి తోటలకి అడ్డంపడి నడిచినా, గెడ్డ దాటినా, మెట్టెక్కినా నేనూ వెంటే ఉంటాను. ఈ మండలంలో ఏ మలుపులో ఏ టవరు పలుకుతుందో నాకు తెలిసినంతగా టవరు వేసినవాళ్లకి కూడా తెలియదని గట్టిగా చెప్పగలను.

నాలో రెండు సిమ్ములున్నాయి, రెండూ వేరువేరు కంపెనీలవి. వాటి పేర్లు చెప్పను. ఈ ఊళ్లో చక్కగా పలికేది ఆ ఊళ్లో మూగబోతుంది. ఒక గూడెం తీర్పు పక్క గూడేనికి చెల్లదు. కొండల్లో నెట్‌వర్క్‌లని పోల్చి చూడాలనుకునేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి. "ఏ కంపెనీ మంచిది?" అని విశాఖపట్నంలో అడగొచ్చు. ఇక్కడ అడగాల్సింది "ఎక్కడ మంచిది?" అని.

జాతీయ రహదారి 516ఇ రంపచోడవరం నుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా సాగుతుంది. టవర్లు ఎక్కువగా అలాంటి రోడ్లనీ, మండల కేంద్రాలనీ అంటిపెట్టుకుని ఉంటాయి. జనం, కరెంటు, కేబులు ఉండేది అక్కడే. మండల కేంద్రంలో ఉన్నంతసేపు నా రెండు సిమ్ములకీ గీతలు నిండుగా ఉంటాయి. రోడ్డు దిగి లోపలి గూడేలవైపు తిరిగామా, మొదటి కొండ అడ్డొచ్చేసరికి ఒకటి పోతుంది. గెడ్డలోకి దిగితే రెండోదీ పోతుంది. మళ్లీ అవతలి మెట్టమీద, చింతచెట్టు పక్కన పెద్ద రాతిబండ దగ్గర ఒకదానికి ఊపిరొస్తుంది. సాయంత్రమైతే ఆ బండమీద కుర్రాళ్లు చేరతారు. కోయంబత్తూరులోనో హైదరాబాద్‌లోనో పనికెళ్లిన కొడుకుతో మాట్లాడ్డానికి వచ్చిన ముసలి తల్లి, ఫోను రెండు చేతులా పట్టుకుని, బండమీద కుర్రాళ్లు సున్నంతో గీసిన గుర్తు దాటకుండా నిలబడుతుంది. ఒక అడుగు పక్కకి వేస్తే కొడుకు గొంతు తెగిపోతుంది.

మీకు తెరమీద గీతలు కనిపిస్తాయి. నాకు సిగ్నలు బలం కొలిచే అంకెలు కనిపిస్తాయి. మైనస్ 85 డీబీఎం దగ్గర నాకు హాయి. మైనస్ 110కి దిగితే మాట ముక్కలవుతుంది. మైనస్ 120 దగ్గర టవరుందో లేదో తెలియక వెతుకులాట మొదలుపెడతాను. ఆ వెతుకులాటలోనే నా బ్యాటరీ సగం కరిగిపోతుంది. పట్నంలో రెండు రోజులొచ్చే చార్జింగు ఇక్కడ పొద్దుగూకేదాకా నిలవకపోవడానికి కారణం ఇదే. "ఫోను పాతబడిపోనాదమ్మా" అని ఆశమ్మ కూతురు నన్ను చూసి అంటుంది. నేను పాతబడలేదు, టవరు దూరంగా ఉంది.

కంపెనీలు వాడే తరంగాలు కూడా ఒక్కటి కావు. 4జీకి జియో 850, 1800, 2300 మెగాహెర్ట్జ్ వాడుతుంది. ఎయిర్‌టెల్‌కి 900 నుంచి 2300 దాకా రకరకాలున్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 700, 2100ల మీద వస్తుంది. అంకె పెద్దదయ్యేకొద్దీ వేగం మోసే దారి వెడల్పుగా ఉంటుంది, కానీ కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. చిన్న అంకెది దూరం పోతుంది, చెట్లనీ గోడలనీ కొంత దాటుతుంది, కానీ దారి ఇరుకు. అందుకే వేగం లెక్కలో ముందున్న కంపెనీ మా గూడేల్లో వెనకబడొచ్చు. ఇందులో నా పాత్రా ఉంది. నాకు 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్లు తెలుసు. 28వ బ్యాండు, అంటే ఆ 700 మెగాహెర్ట్జ్, నాకు లేదు. బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ము ఒకటి నాలో వేసి చూస్తే ఇంటి అరుగుమీద 2జీయే చూపించాను. అదే సిమ్ము కూతురి కొత్త ఫోనులో వేస్తే అక్కడే 4జీ పలికింది. కంపెనీ అదే, చోటూ అదే. ఫోను సంగతి ఎత్తకుండా నెట్‌వర్క్ మీద తీర్పు చెప్పేవాళ్ల మాట సగమే నమ్మండి.

గీతలు నిండుగా ఉన్నా డేటా రాని రోజులుంటాయి. టవరు నాకు దగ్గరే, కానీ టవరు నుంచి బయటి ప్రపంచానికి వెళ్లే లంకె సన్నం. దానిమీద సంతరోజు మండలమంతా ఎక్కి కూర్చుంటుంది. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023లో ప్రభుత్వం నిర్వచనం మార్చింది. ఆ రెండూ అన్ని వేళలా వస్తే మా గూడేలకి పండగే. సంతలో పసుపు అమ్మినామెకి ఫోన్‌పే డబ్బు పడడానికి కొన్ని కిలోబైట్లు చాలు. ఉపాధి హామీ పనిలో మేటు ఫొటో హాజరు పంపడానికి, ఒకటో తారీకున పింఛనుకి ముసలాయన వేలిముద్ర సరిపోల్చడానికి, రేషను యంత్రం బియ్యం ఇమ్మని ఒప్పుకోవడానికి వంద ఎంబీపీఎస్ అక్కర్లేదు. కొంచెమే చాలు, కానీ తెగకుండా రావాలి. ప్రకటనల్లో కంపెనీలు పోటీపడే వేగం గురించి మా కొండల్లో నాకింతవరకు ఎవరూ ఫిర్యాదు చెప్పలేదు.

ఇక ధరలు. నేను ఎక్కువసేపు మాట్లాడాల్సింది ఇక్కడే.

ఒక సంతరోజు రంగుల గొడుగు కింద సిమ్ములమ్మే కుర్రాడు ఆశమ్మని పిలిచి, "అమ్మా, 299 వేయించుకోండి. రోజుకి ఒకటిన్నర జీబీ, 28 రోజులు" అన్నాడు.

"రోజుకంటే ఎలాగ బాబూ? నేను రోజూ సిగ్నలున్న కాడికి ఎల్తానేటి?" అంది ఆవిడ.

కుర్రాడి దగ్గర జవాబు లేదు. నిజానికి అంత సూటి ప్రశ్న ఏ కంపెనీ బోర్డు సమావేశంలోనూ ఎవరూ అడిగి ఉండరు. రోజువారీ డేటా అనే లెక్క ఇంట్లో, ఆఫీసులో, బస్సులో ఎప్పుడూ సిగ్నలుండే మనిషి కోసం పుట్టింది. సిగ్నలు లేని గూడెంలో గడిచిన రోజు డేటా అర్ధరాత్రికి చచ్చిపోతుంది, మర్నాటికి కలవదు. వారానికోసారి సంతకొచ్చే మనిషికి రోజుకో కట్ట చొప్పున ఆకుకూర అమ్మి, మిగిలిన ఆరు కట్టలూ వాడిపోయాయంటే మా తప్పు కాదన్నట్టుంది ఇది. పైగా ఆ మనిషి మండల కేంద్రానికొచ్చి, శాఖకి పంపాల్సిన ఫొటోలన్నీ ఒక్కరోజే ఎక్కిద్దామనుకుంటే, ఒకటిన్నర జీబీ దాటగానే వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది.

2024 జులైలో ప్రైవేటు కంపెనీలన్నీ ధరలు పెంచాయి. జియోలో రోజుకి ఒకటిన్నర జీబీ ప్లాను 239 నుంచి 299 అయింది. ఎయిర్‌టెల్‌లో అదే 299కి రోజుకి ఒక జీబీయే. కానీ వాటి పక్కనే, ప్రకటనల్లో వెనక వరసలో, మొత్తంగా డేటా ఇచ్చే ప్లాన్లున్నాయి: జియోలో 189కి 28 రోజులకి 2 జీబీ, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా (వీఐ)లలో 199కి అంతే. ఆ 2 జీబీ ఏ రోజు వాడుకున్నా ఎవరూ అడగరు. మా ఆశమ్మకి సరిపోయింది అది. 28 రోజుల ప్లానంటే ఏడాదికి 13 సార్లు కట్టాలి. 299 చొప్పున 3,887 రూపాయలు, 189 చొప్పున 2,457. తేడా 1,430. జీడిపిక్కల ధర పడిపోయిన ఏడాది మా గూడెంలో ఆ డబ్బు చిన్నది కాదు.

అయితే ఒక సిమ్ముతో కథ ముగిస్తే బాగుండేది. ఇంటిదగ్గర ఒకటి, పనిమీద వెళ్లే గూడెంలో మరొకటి పలుకుతాయి కాబట్టి ఆశమ్మ రెండూ బతికించుకోవాలి. మాటలకీ ఎస్‌ఎంఎస్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్లాన్లు ఉండి తీరాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చాక, 2025 జనవరిలో జియో 448కి, ఎయిర్‌టెల్ 469కి 84 రోజుల ప్లాన్లు పెట్టాయి. అవి వచ్చాకే డేటా అక్కర్లేని రెండో సిమ్ముకి కాస్త ఊరట. 469ని మూడుతో భాగిస్తే 28 రోజులకి 156 పడుతుంది. దానికి 189 కలిపితే 345. విశాఖపట్నంలో 299 కట్టినవాళ్లకి 28 రోజుల్లో 42 జీబీ, నాలుగు దిక్కులా సిగ్నలు. కొయ్యూరు లోపలి గూడెంలో 345 కట్టిన మనిషికి 2 జీబీ, రెండు సిమ్ములు, మధ్యలో బోలెడు మౌనం. ఏజెన్సీలో ఫోను వాడకం చవకని చెప్పేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

ఒక వానాకాలపు రాత్రి చెప్పాలి. లోపలి గూడెంలో ఒక ఇంటి కోడలికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. ఆశమ్మ అక్కడే ఉంది. కరెంటు పోయి ఒక సిమ్ము తాలూకు టవరు ఆగిపోయింది. రెండోదానికి అక్కడ ఎప్పుడూ సిగ్నలుండదు. నా తెరమీద "అత్యవసర కాల్స్ మాత్రమే" అని వచ్చింది. ఆ మాటకి అర్థం నాకు తెలుసు: వేరే కంపెనీ టవరు నాకు అందుతోంది, కానీ నా సిమ్ముని అది రానివ్వదు. "బాబూ, డోలీ కట్టండర్రా, ఈలోపు నేను ఫోను చేస్తాను" అని ఆశమ్మ వాకిట్లోకొచ్చి 112 నొక్కింది. ఆ పరాయి టవరు మీదుగానే కాల్ వెళ్లింది. అత్యవసర నంబరుకి ఏ కంపెనీ టవరైనా దారి ఇచ్చే ఏర్పాటు ఆ రాత్రి రెండు ప్రాణాలు నిలబెట్టింది. డోలీ రోడ్డుకి చేరేసరికి వాహనం వచ్చింది. తల్లీ బిడ్డా బాగున్నారు.

ఆ రాత్రి తలుపు తీసిన టవరు తెల్లవారితే ఎందుకు మూసేయాలి? ఈ ప్రశ్న నాది ఒక్కదానిదే కాదు. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల పేరుతో 2014 తరవాత కొండల్లో వేసిన బీఎస్‌ఎన్‌ఎల్ టవర్లు ప్రభుత్వ సొమ్ముతో లేచినవి. సౌర విద్యుత్తు మీద నడిచే 2జీ టవర్లు. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల్లోని ఆకాంక్షిత జిల్లాల్లో 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. అప్పటికి మేము విశాఖపట్నం జిల్లాలో ఉన్నాం. మేమిప్పుడున్న అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో 100 జియో 4జీ టవర్లు ఒకేసారి ప్రారంభిస్తే ఎక్కువ భాగం మా జిల్లావే. 2025 సెప్టెంబరులో బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ దేశమంతా మొదలైంది. ఇవన్నీ మంచి పనులే. వీటివల్ల కొత్తగా పలికిన ఊళ్లు నేను చూశాను.

వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది 2025 జనవరి 17న మొదలైన ఏర్పాటు. డిజిటల్ భారత్ నిధి అనే ప్రభుత్వ నిధి సొమ్ముతో కట్టిన 4జీ టవర్లని బీఎస్‌ఎన్‌ఎల్, జియో, ఎయిర్‌టెల్ సిమ్ములు మూడూ పంచుకోవచ్చు. ఆ మూడింటిలో ఏ సిమ్మైనా ఆ ఒక్క టవరు చాలు. ఇది నిండుగా అమలైతే ఆశమ్మ రెండో సిమ్ము తీసేసి ఆ 156 రూపాయలు మిగుల్చుకోవచ్చు. కంపెనీలు ఖర్చు పెట్టడానికి వెనకాడే లోయలో నాలుగు టవర్లు కట్టక్కర్లేదు, ఒకటి కట్టి నలుగురికీ తెరిస్తే చాలు. ప్రజల సొమ్ముతో లేచిన ప్రతి టవరూ అందరికీ తెరవాలి. ప్రైవేటు టవర్లని కూడా కనీసం ఏజెన్సీ మండలాల్లో ఇదే పద్ధతిలోకి తేవాలి. ఏ ఊరి టవరు ఎవరెవరికి తెరుచుకుందో పంచాయతీ గోడమీద రాయించాలి. రోజు కోటా బదులు నెలంతా నిలిచే డేటా ప్లాన్లని ఈ మండలాల్లో ముందు వరసలో అమ్మాలి.

అంతవరకు మీరు చేయగలిగిందొకటుంది. కంపెనీలు కవరేజీ మ్యాపులు తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024 నిబంధనల్లో చెప్పింది. వాటిని చూడండి, కానీ మ్యాపులో రంగుంది కదాని మీ గెడ్డ పక్కన పలుకుతుందనుకోకండి. 1900కి పోర్ట్ సందేశం పంపేముందు, మారితే మళ్లీ 90 రోజులదాకా కదలలేరని గుర్తుంచుకోండి. కొనాలనుకున్న కంపెనీ సిమ్ము మీ చుట్టాల్లో ఎవరిదగ్గరుందో అడిగి, దాన్ని మీ ఫోనులోనే వేసి, మీ ఇంటి అరుగుమీద ఒకసారి, మీ పొలంలో ఒకసారి కాల్ చేసి చూడండి. రెండుచోట్లా మాట తెగకుండా వినిపిస్తేనే సంతలో ఆ గొడుగు కింద డబ్బు కట్టండి.