లాగీ, ఏటవదు!

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, డీటీపీ షాపులో ఉబుంటూ మీద పని చేయించుకుంటుంటే మీ భుజం మీంచి తొంగిచూసే ఉద్దండుడొకడు తప్పకుండా ఉంటాడు. ఆయన శాస్త్రం ఒకటే: "బార్ నిండిపోనాది కదేటి, లాగీ! ఏటవదు." సిరిమానోత్సవం ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేశాయని ఆయన హామీ. ఇంటికెళ్లి తెరిస్తే పైన మాను చివర పూజారి కనిపిస్తాడు. కింద జనసముద్రం ఉండాల్సిన చోట బూడిదరంగు పలక.

ఆ బార్ చెప్పేది పెన్‌డ్రైవ్ సంగతి కాదు మహాశయా, ర్యామ్ సంగతి. లైనక్స్ కెర్నల్ రాయాల్సినదాన్ని ముందు ర్యామ్‌లో పెట్టుకుని, తీరిగ్గా పెన్‌డ్రైవ్‌కి పంపుతుంది. మామూలు అమరికలో ఆ డేటాకి 30 సెకన్ల వయసు దాటాలి, లేదా అందుబాటులో ఉన్న ర్యామ్‌లో 10 శాతం దానితో నిండాలి. అప్పుడుగానీ అసలు రాత ఊపందుకోదు. 8 జీబీ కంప్యూటర్‌లో ఆ 10 శాతంలోనే మన ఫొటోలు బోలెడు పట్టేస్తాయి. పాపం, ఆయన ధైర్యమంతా విండోస్ దగ్గర అరువు తెచ్చుకున్నది. 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి విండోస్ 10 పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఇలా దాచుకోవడం మానేసింది. అక్కడ చెల్లింది కాబట్టి ఇక్కడా చెల్లాలట!

ఇంకో తెగ ఉంది, ఇంజినీరింగ్ హాస్టల్ బాపతు. పెన్‌డ్రైవ్ విడదీయబోతే 'టార్గెట్ ఈజ్ బిజీ' అని కనబడగానే ముందు లైనక్స్‌ని నాలుగు తిట్లు తిట్టి, ఆనక 'యూమౌంట్ మైనస్ ఎల్' కొట్టి మీసం దువ్వుతారు. డ్రైవ్ పేరు తెర మీంచి మాయం. రాత మాత్రం లోపల సాగుతూనే ఉండొచ్చు. పెళ్లింటి ముందు బోర్డు పీకేసి, పంక్తిలో వాళ్లు భోంచేసి లేచిపోయారనుకోవడం ఇది. ఇంతకీ బిజీగా ఉన్నదెవరు? 'ఎల్ఎస్ఓఎఫ్' కమాండ్‌నో 'ఫ్యూజర్'నో అడిగితే చెప్పేస్తుంది: ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్లోనే కూర్చున్న ఆ పండితుడి టెర్మినలే! తిట్టినవాడే దొంగ.

కాబట్టి అయ్యా, ఆ టెర్మినల్ మూయండి, తెరిచిన ఫొటో మూయండి, ఎజెక్ట్ నొక్కి 'ఇక తీయొచ్చు' అనేదాకా ఆగండి. అనుమానముంటే 'సింక్' కొట్టి, అది తిరిగొచ్చేవరకు చేతులు కట్టుకోండి. అంత తీరిక లేదంటారా, లాగీండి! డేటా రికవరీకి ఎంతవుతుందో మాత్రం ఆ షాపులోనే ముందుగా అడిగి పెట్టుకోండి.